దీపావళి నుంచి కనుమ దాకా ఖాళీ ట్యాంకు

2024 వినాయక నిమజ్జనం రోజు రాత్రి. వీధిలో డప్పులు ఇంకా ఆగలేదు. మంచినీళ్ల కోసం లేచిన మా అత్తగారికి, హాల్లో అక్వేరియం ముందు నేల మీద చతికిలబడి ఫోను టార్చి పట్టుకున్న నేను కనిపించాను. ఏమయిందోనని ఆవిడా వచ్చి పక్కన కూర్చున్నారు. తొమ్మిది రోజుల క్రితం తెచ్చిన బ్లూ టాంగ్ అనే చేప రాతి సందులో ఒక పక్కకు ఒరిగి నిద్రపోతోంది. ముదురు నీలం ఒంటి మీద, పక్క రెక్క అంచున, సన్న ఉప్పు చిలకరించినట్టు తెల్లని చుక్కలు. లెక్కపెట్టాను. పదకొండు.

"అమ్మాయ్, దీనికి అమ్మవారు పోసిందే!" అన్నారు ఆవిడ.

అప్పుడు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆరు వారాలపాటు నాకు సలహా చెప్పినవాళ్లందరినీ తలుచుకుంటే, సరైన దారిలో ఆలోచించింది ఆవిడొక్కరే అనిపిస్తోంది. ఆవిడ చిన్నతనంలో ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే ముందుగా గుమ్మానికి వేపమండ కట్టేవారట. ఆ మండ చూసి బయటివాళ్లు లోపలికి వచ్చేవారు కాదు. లోపలివాళ్లు పెళ్లికీ పేరంటానికీ వెళ్లేవారు కాదు. పొక్కులు మాడిపోయినా సరే, లెక్క ప్రకారం రోజులు నిండేదాకా తలకు నీళ్లు పోసేవారు కాదు. మందూ మాకూ తర్వాతి సంగతి, ముందు రాకపోకలు ఆగాలి. నేనేమో సీసాల వెంట పడ్డాను.

ఈ తెల్లచుక్కల జబ్బును ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లు ఇక్ అంటారు. వాళ్లు ఇద్దరు కలిస్తే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఇక్ అనేది ప్రతి ట్యాంకులోనూ ఉంటుందండీ. చేప హుషారుగా ఉంటే ఏమీ చేయదు. బెదిరితే, నీళ్లు పాడైతే పైకి తేలుతుంది." ఇంత కమ్మటి మాట ఇంకొకటి లేదు. అమ్మినవాడికి బాధ్యత లేదు, కొన్నవాడికి తప్పు లేదు, అంతా ఆ చేప గుండెధైర్యం మీద ఆధారపడి ఉంది! నేనూ మూడేళ్లు ఈ మాట నమ్మాను, మరో ఇద్దరికి చెప్పాను కూడా. ఇది అబద్ధమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా ఇల్లు బోయిన్‌పల్లిలో. ట్యాంకు నాలుగడుగులది, దాదాపు 240 లీటర్లు పడుతుంది. సముద్రం ఇక్కడికి రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లకు పైనే కాబట్టి సముద్రాన్ని మనమే కలుపుకోవాలి. నల్లా నీళ్లను ఆర్వో యంత్రంలో వడకట్టి, లీటరుకు 35 గ్రాముల లెక్కన అక్వేరియం ఉప్పు వేసి, ఒక రాత్రంతా మోటారుతో తిప్పాలి. రాళ్లు సిరామిక్‌వి. పగడాలు లేవు. గట్టి పగడాలన్నీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటి జోలికి నేను పోలేదు. కాబట్టి పగడాలను తినే చదును పురుగులు, వాటి గుడ్లు, ఆ గోలంతా నాకు తెలియదు. నావి చేపలు, రెండు రొయ్యలు, పది పన్నెండు నత్తలు. అంటే ఈ ట్యాంకులోకి బయటి సముద్రం నుంచి ఏదీ తనంతట తాను కొట్టుకు రాదు. వచ్చిన ప్రతిదీ నా చేత్తో, నా డబ్బుతో, ప్లాస్టిక్ సంచిలో వచ్చిందే. పరాన్నజీవితో సహా.

ఇక్ కలిగించే జీవి పేరు క్రిప్టోకారియన్ ఇరిటాన్స్. ఒకే కణం, ఒంటి నిండా సన్నటి నూగు. 1930లలో జపాన్‌లో సికామా దీన్ని వర్ణిస్తే, 1951లో బ్రౌన్ ఈ పేరు పెట్టారు. మంచినీటి గోల్డ్‌ఫిష్‌లకు వచ్చే తెల్లచుక్కల జబ్బూ చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది గాని, ఆ జీవి వేరు, దీనికి దగ్గరి చుట్టం కూడా కాదు. ఈ తేడా తెలియకే చాలామంది అక్కడి చిట్కా ఇక్కడ వాడి, నీళ్లు వేడి చేసి, చేపను ఉడకబెట్టినంత పని చేస్తారు.

దీని బతుకు నాలుగు మజిలీలు. చేప చర్మపు పైపొర కింద దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. మనకు కనిపించే చుక్క అదే. తిని బలిసి, రాత్రి చీకట్లో చేపను వదిలి కిందికి జారుతుంది. ఇసుకకో, రాతికో, నత్త చిప్పకో అతుక్కుని చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తిలో ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ రెండు వందలకు పైగా పిల్లలు తయారవుతాయి. తిత్తి చీలి పిల్లలు ఈదుకుంటూ బయటికి వచ్చేదీ ఎక్కువగా తెల్లవారుజాములోపే, చేపలు కదలకుండా నిద్రపోయే వేళకే. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే ఆ పిల్ల చచ్చిపోతుంది. సముద్రంలో వాటిలో చాలా భాగం అలాగే చస్తాయి, అంత నీటిలో ఏ చేప దొరుకుతుంది? నా 240 లీటర్లలో ప్రతి పిల్లకూ చేప ఎదురుగానే ఉంది.

ఇప్పుడు నా పదకొండు చుక్కల సంగతి చూడండి. మర్నాడు పొద్దున్నే నేను మేతలో వెల్లుల్లి రసం కలిపాను. రోగనిరోధక శక్తి పెరుగుతుందట, పెద్దలెవరో చెప్పారు. ఇంకో రోజు, నత్తలకూ రొయ్యలకూ హాని లేదని పైన రాసి ఉన్న ఒక మందు సీసా తెచ్చి పోశాను. మూడో రోజుకు చేప ఒంటి మీద ఒక్క చుక్క లేదు! మా ఆయనకు చూపించి గొప్పలు చెప్పుకున్నాను. నిజానికి అవి ఏమీ చేయకపోయినా రాలేవి. వాటి తిండి పూర్తయింది, కిందికి దిగి తిత్తులు కట్టుకుంటున్నాయి. ఈ జబ్బులో చుక్కలు కనబడగానే ఏ మందు వేసినా వారంలోగా చుక్కలు పోతాయి. వెల్లుల్లి వేసినా పోతాయి, పసుపు వేసినా పోతాయి, ట్యాంకు ముందు హారతి ఇచ్చినా పోతాయి. కాకి వాలడం, తాటిపండు రాలడం. కాకతాళీయం అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. మార్కెట్‌లో ఇన్ని సీసాలు అమ్ముడుపోతున్నాయంటే ఆ తాటిపండు చలవే.

పది రోజుల తర్వాత చుక్కలు మళ్లీ వచ్చాయి. ఈసారి లెక్కపెట్టడానికి వీలు లేదు. టాంగ్ మొప్పలు గబగబా ఎగరేస్తూ, పంపు నుంచి నీరు వచ్చేచోటే నిలబడి ఉండేది. చర్మం మీద చుక్క కనిపిస్తుంది గాని, ప్రాణం తీసేది మొప్పల్లో చేరినవి. అవి మనకు కనిపించవు. దసరా రోజు మధ్యాహ్నం అది పోయింది. రెండు రోజుల తేడాతో గోబీ అనే ఇంకో చేప కూడా. నాలుగడుగుల ట్యాంకులో టాంగ్ పెట్టడమే తప్పని తెలుసు. చిన్నదే కదా, పెరిగాక ఎవరికైనా ఇద్దామనుకున్నాను. ఆ తప్పు దాచుకోవడం లేదు, కాని దాన్ని చంపింది ఆ తప్పు కాదు.

ఈ మధ్యలో ఇంకో ఘనకార్యం చేశాను. చేపల ఒళ్లు శుభ్రం చేసే రొయ్యను, క్లీనర్ ష్రింప్ అంటారు, అదొకటి తెచ్చి వదిలాను. ఎర్రటి వీపు మీద తెల్లటి గీతతో ముచ్చటగా ఉంటుంది, చేపలు దాన్ని ఒంటి మీదికి ఎక్కనిస్తాయి కూడా. కాని ఇక్ ఉండేది చర్మం పొర కింద. రొయ్య పైపైన ఏరుకుంటుంది. మంగలి గడ్డం గీసినంత మాత్రాన కురుపు మానదు.

బేగంపేట విమానాశ్రయం దగ్గర ఒక పాత భవనం ఉంది. మా ఇంటికి దూరమేమీ కాదు. నగరంలో చాలామంది దాని పక్క నుంచే రోజూ వెళతారు, లోపలికి వెళ్లినవాళ్లు తక్కువ. రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు కనిపెట్టింది అక్కడే, 1897 ఆగస్టు 20న. మలేరియా రోగిని దోమలకు ఒప్పజెప్పి, ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చి కుట్టించి, ఆ దోమల పొట్టలు కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తూ కూర్చున్నాడు. అంతకు ముందు ఎన్నాళ్లో వేరే రకం దోమలను కోసి విసిగిపోయాడు. చివరికి ఒక దోమ పొట్ట గోడలో అతనికి కావలసింది దొరికింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, జ్వరం మనిషికి, వెతుకులాట దోమ పొట్టలో. మలేరియా మీద పోరాటం రోగి మంచం దగ్గర నుంచి మురుగు గుంట దగ్గరికి మారింది ఆ తర్వాతే. ఈ ఊళ్లో ఉంటూ, ఆ భవనం ముందు నుంచి తిరుగుతూ, నేను ఆరు వారాలు చేప ఒంటి మీద చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను. నా మురుగు గుంట ట్యాంకు అడుగున, ఇసుకలో ఉంది.

ఇది తలకెక్కించింది మాత్రం రాస్ కాదు, మా చిన్నమామయ్యగారు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తారు. దసరాకు వచ్చి, చచ్చిపోతున్న టాంగ్‌ను చూసి "తెల్లమచ్చా?" అని అడిగారు. ఆయన అడిగింది వేరే జబ్బు. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ వైరస్ వల్ల వస్తుంది, చేపలకు అంటదు. 1994, 95ల్లో కోస్తాలో చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోయిన రోజులు ఆయనకు బాగా గుర్తు. జబ్బు వేరని నేను వివరించబోతే చేత్తో ఆపి, "పేరేదైతే ఏముందమ్మా, సీడు ఎక్కడిది? పరీక్ష చేయించావా?" అన్నారు.

"లేదు మామయ్యా. షాపులో నెల రోజులుగా ఉందట, బాగా తింటోందన్నారు."

"అమ్మేవాడు ఇంకేమంటాడు? పంట పోయిన చెరువును ఎండగట్టకుండా, సున్నం చల్లకుండా మళ్లీ పిల్ల వేస్తే నన్ను ఊళ్లో పిచ్చివాడంటారు. నువ్వు చచ్చిన చెరువులోనే ఉంచి మందు పోస్తున్నావు."

వాళ్లు సీడు, అంటే రొయ్య పిల్లలు, దింపే ముందు పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. బయటి పీతలు జబ్బు మోసుకురాకుండా చెరువు చుట్టూ వల కడతారు. ఒక చెరువులో దిగిన కాళ్లతో ఇంకో చెరువులో దిగరు. ఎందుకంటే వాళ్లకు అది అప్పు, కూతురి పెళ్లి, పిల్లాడి చదువు. ఎకరాల చెరువుకు చేయగలిగినది నాలుగడుగుల గాజు పెట్టెకు కుదరదని మనం ఎలా అంటాం? మనకు అది సరదా కాబట్టి. చచ్చినా ఇంకొకటి కొనుక్కోవచ్చు కాబట్టి.

దుకాణం మీద కూడా ఒక మాట చెప్పాలి. నెల రోజులు బాగానే ఉందన్న మాట అబద్ధం కాకపోవచ్చు. కొన్ని దుకాణాల్లో చేపల ట్యాంకుల నీటిలో కొద్దిపాటి రాగి మందు ఎప్పుడూ కలిపి ఉంచుతారు. అది జబ్బును చంపేంత ఉండదు, అణచేంత ఉంటుంది. పైగా అన్ని ట్యాంకులకూ కింద ఒకటే సంపు, ఒకటే నీరు. హేచరీలో పుట్టి పెరిగిన క్లౌన్ చేప, సముద్రంలో పట్టిన టాంగ్ పక్కనే ఒకే నీరు తాగుతూ ఉంటుంది. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో రూపొందించింది. అలా పుట్టిన చేప కొంటే సముద్రం నుంచి ఒక చేప తగ్గదు, జబ్బుల బెడదా తక్కువ. కాని దుకాణం సంపులో ఒక వారం ఉన్నాక ఆ తేడా అంతా నీటిపాలే. మనం ఇంటికి తెచ్చి రాగి లేని నీటిలో వదలగానే, అణగి ఉన్నది లేస్తుంది. అప్పుడు అమ్మినవాడు అంటాడు: "మీ ఇంట్లో నీళ్లు పడలేదండీ."

దీపావళి రోజున, అక్టోబర్ 31న, మిగిలిన మూడు చేపలనూ, అంటే రెండు క్లౌన్‌లూ ఒక ఫైర్ ఫిష్, వేరే గదిలోని 60 లీటర్ల తొట్టిలోకి మార్చాను. వేరే గది ఎందుకంటే జబ్బు తడి చేత్తో, తడి వలతో కూడా పాకుతుంది. ఇసుక లేదు, రాయి లేదు, దాక్కోవడానికి ప్లంబరు దగ్గర తెచ్చిన పీవీసీ ఎల్బోలు. ఒక హీటరు, ఒక స్పాంజి ఫిల్టరు, పైన మూత. ఫైర్ ఫిష్ దూకుతుంది, మూత లేకపోతే పొద్దున్నే నేల మీద వెతుక్కోవాలి. పెద్ద ట్యాంకులో నత్తలూ రొయ్యలూ తప్ప ఏమీ లేవు. అత్తగారు వేపమండ తెచ్చి ఆ ట్యాంకు స్టాండు కాలికి కట్టారు. ఆకు నీళ్లలో రాలకూడదని బతిమాలితే కిందికి కట్టడానికి ఒప్పుకున్నారు.

మందు రాగే. ఆవిడకు అది వింత. "రాత్రి రాగి చెంబులో పోసి పొద్దున్నే తాగితే మంచిదని మనం తాగుతాం, ఆ నత్తలకు అంత పొగరేమిటి?" అని అడిగారు. రాగి కొద్దిగా ఉన్నా నత్తలకూ రొయ్యలకూ ప్రాణం మీదికి వస్తుంది. సున్నపు రాళ్లూ ఇసుకా దాన్ని పీల్చుకుంటాయి, మోతాదు నిలవదు. అందుకే రాగిని పెద్ద ట్యాంకులో పోయకూడదు, అందుకే వేరే తొట్టి. పొలాల్లో వాడే మైలుతుత్తం కూడా రాగే, కాని బస్తా నుంచి చిటికెడు తీసి వేసే పని కాదిది. నేను వాడింది అక్వేరియం కోసం తయారుచేసిన, కీలేట్ చేసిన, అంటే నీటిలో నిలకడగా ఉండేలా మరో పదార్థంతో బంధించిన రాగి. లీటరుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాముల మధ్య, 30 రోజులు. మొదటి మూడు నాలుగు రోజుల్లో మెల్లగా ఆ మోతాదుకు తీసుకెళ్లి, ఆ తర్వాత రోజూ మీటరుతో కొలవడం. ఒక్క రోజు 2 కంటే కిందికి జారితే 30 రోజుల లెక్క మళ్లీ మొదటికి. ఎందుకంటే రాగి కూడా చర్మం కింద ఉన్నదాన్ని ఏమీ చేయలేదు, తిత్తిలో ఉన్నదాన్నీ చేయలేదు. ఈదుతూ బయటపడే పిల్లలను మాత్రమే చంపుతుంది. అవి ఏ రాత్రి వస్తాయో తెలియదు కాబట్టి కాపలాదారు ఏ రాత్రీ నిద్రపోకూడదు.

నాలుగో రోజు రాత్రి కాపలాదారు బాగానే ఉన్నాడు గాని, నీళ్లు చెడ్డాయి. చేపల విసర్జన నుంచి పుట్టే అమ్మోనియా. దాన్ని తినే బ్యాక్టీరియా కొత్త స్పాంజిలో ఇంకా లేదు. బుద్ధి ఉంటే స్పాంజిని నెల ముందే పెద్ద ట్యాంకు సంపులో పడేసి ఉంచి, దాని నిండా బ్యాక్టీరియా పట్టనిచ్చేదాన్ని. చేయలేదు. పరీక్ష సీసాలో పసుపు రావలసిన చోట పచ్చ రంగు తేలింది. పదిహేను రోజులపాటు రోజు విడిచి రోజు సగం నీళ్లు మార్చాను, కొత్త నీటిలో ముందే అంతే రాగి కలిపి. ఆఫీసు నుంచి రాగానే బకెట్లు. నా చేతులు మా అత్తగారి ఊరగాయ జాడీలా ఉప్పు వాసన వేసేవి.

ఇంతటితో అయిందనుకుంటుండగా, రాగి ముప్ఫై రోజులూ నిండాక, క్లౌన్‌లలో పెద్దది పీవీసీ గొట్టానికి ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఒక కన్ను మసకబారింది. చుక్కలు లేవు. ఇది రాగికి లొంగే రకం కాదని అనుమానం వచ్చింది. నల్ల బకెట్‌లో ఆర్వో నీళ్లు పట్టి, ట్యాంకు వేడికి సరిపడా వేడి చేసి, చిటికెడు తినే సోడా కలిపి, ఒక గంట గాలి కొట్టించాను. గడియారం పట్టుకుని మా ఆయన పక్కన. చేపను అందులో వదలగానే ఒక పక్కకు పడిపోయింది, చచ్చిందనుకున్నాను. తోకతో చిన్నగా కొట్టుకుంటోంది. ఒక నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో దాని కంటి మీద, అప్పటిదాకా గాజులా ఉండి కంటికి ఆననిదేదో, పాలు విరిగినట్టు తెల్లబడింది. అంచులు పైకి లేచాయి. ఊడి, నువ్వుగింజలా గిరగిరా తిరుగుతూ నల్లటి అడుగుకు చేరింది. తర్వాత నడుము మీద నుంచి ఇంకొకటి. మొప్ప మూత దగ్గర రెండు. ఐదు నిమిషాలకు బకెట్ అడుగున తొమ్మిది నువ్వుగింజలు. ఫ్లూక్స్ అంటారు, చర్మానికి అతుక్కునే చదునైన పురుగులు. నెల రోజులుగా రోజూ రెండు పూటలా మేత వేస్తూ, మొహంలో మొహం పెట్టి చూస్తూ, కన్ను మీద కూర్చున్నదాన్ని నేను చూడలేదు.

వాటికి ప్రాజిక్వాంటెల్ అనే మందు వాడాలి, ఒక్కసారి కాదు. పెద్ద పురుగులు చస్తాయి, గుడ్లు చావవు. గుడ్లకు దారాల్లాంటి తోకలుంటాయి, వలకూ స్పాంజికీ చిక్కుకుని కూర్చుంటాయి. అవి పొదిగేంత సమయం ఇచ్చి మళ్లీ వేయాలి. వేశాను.

ఇప్పుడు అవతలివాళ్ల వాదన. ఇక్ ఉన్న ట్యాంకులోనే ఏళ్ల తరబడి చేపలను సాకినవాళ్లు ఉన్నారు, నిజమే. ఒకసారి జబ్బు తట్టుకున్న చేపకు కొన్ని నెలలపాటు కొంత నిరోధక శక్తి వస్తుంది. యూవీ దీపం పెడితే ఈదే పిల్లలు కొన్ని తగ్గుతాయి. మంచి మేత, మంచి నీరు చేపకు ఎప్పుడూ మేలే చేస్తాయి. కొత్త చేపలు చేర్చకుండా వదిలేస్తే తరాలు గడిచేకొద్దీ ఆ పరాన్నజీవి బలహీనపడి అంతరించవచ్చని కూడా ప్రయోగాలు సూచించాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. కాని ఆ "కొత్త చేపలు చేర్చకుండా" అన్న మాట దగ్గర ఆగండి. ఈ సరదా ఉన్నవాళ్లలో ఏడాదిపాటు ఒక్క చేప కూడా కొనకుండా ఉన్నవాళ్లను నాకు చూపించండి! జబ్బుతో సహజీవనం చేస్తున్నామని చెప్పేవాళ్లు బతికిన చేపల లెక్కే చెబుతారు. పోయినవాటిని "పడలేదు" అనే ఖాతాలో రాస్తారు. నా ఖాతాలోనూ మూడేళ్లలో అలాంటివి ఆరు ఉన్నాయి. వాటిలో కొన్నింటి చావుకు కారణం ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకొకటి, ఇక్ దొరికినవాళ్లు అదృష్టవంతులు. వెల్వెట్ అని ఒకటుంది, అమైలూడినియం. దానికీ పేరు పెట్టింది ఆ బ్రౌనే, ఇంకా ముందే. ఒంటి మీద బంగారు పొడి అద్దినట్టుంటుంది, చాలాసార్లు అదీ కనిపించదు. రెండు మూడు రోజుల్లో ట్యాంకు మొత్తం ఖాళీ అయిపోతుంది. ఇక్‌కు పనికొచ్చే తక్కువ ఉప్పు నీటి చికిత్స దానికి పనిచేయదు. వెల్లుల్లి తరిగే వ్యవధి కూడా ఇవ్వదు. "చూద్దాం, తట్టుకుంటుందేమో" అనే వైద్యం దాని దగ్గర ఎంతమాత్రం చెల్లదు.

చేపలను వేరే తొట్టిలో నాలుగు వారాలు ఉంచి, మందు వేసి, చూసి, ఆ తర్వాతే ట్యాంకులో వదలడానికి అయ్యే ఖర్చు చెబితే చాలామంది మొహం చిట్లిస్తారు. ఆ తొట్టి, హీటరు, స్పాంజి, గొట్టాలు అన్నీ కలిపి నా టాంగ్ ఖరీదు అంత కాలేదు. రాగి కొలిచే మీటరు ఒక్కటే బరువు, అది నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. చోటు లేదంటారు. 60 లీటర్ల తొట్టికి చోటు లేని ఇంట్లో నాలుగడుగుల ట్యాంకుకు చోటెక్కడి నుంచి వచ్చింది? తొట్టి పెట్టే ఓపిక లేనివాళ్లు ఉప్పునీటి చేపలు పెంచకూడదనే నా అభిప్రాయం. కటువుగా ఉంటే ఉండనీయండి. సముద్రంలో హాయిగా తిరిగేదాన్ని పట్టి, విమానంలో తెప్పించి, మన హాల్లో చంపుకునే హక్కు మనకు ఎవరిచ్చారు? చేపలకే కాదు, నత్తలకూ రొయ్యలకూ కూడా ఇదే మాట. వాటికి జబ్బు రాదు, కాని నత్త చిప్ప మీద తిత్తి అతుక్కుని రావచ్చు. చేపలు లేని తొట్టిలో అవీ గడువు పూర్తి చేయాలి.

ఆ గడువే 76 రోజులు. తిత్తులు చాలావరకు నాలుగు వారాల్లోపే చీలుతాయి గాని, ప్రయోగాల్లో 72 రోజుల దాకా ఆగినవి కూడా ఉన్నాయి. పైన నాలుగు రోజులు ధీమా కోసం. నీరు 27 డిగ్రీల దగ్గర ఉంటే 45 రోజులు చాలంటున్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట కొట్టిపారేయను. కాని టాంగ్‌ను చేత్తో తీసి పెరట్లో పాతిపెట్టినదాన్ని నేను.

మొదటి పది రోజులు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడిగారు, చేపలు లేని అక్వేరియం ఏమిటని. ఆఫీసులో ఒకాయన "మృగశిర కార్తెకు ఊరంతా నాంపల్లి మైదానంలో చేపమందు వేయించుకుంటే, మీరు చేపకు మందు వేస్తున్నారా" అని ఒకటికి నాలుగుసార్లు అన్నారు. నేను రోజూ ఆ ఖాళీ నీటిలో చిటికెడు మేత వేసేదాన్ని, బ్యాక్టీరియా ఆకలితో పోకుండా. మూడో వారం నుంచి గాజు మీద తెల్లటి నలుసులు పాకడం కనిపించింది. కోపిపాడ్లు అనే సన్నటి నీటి జీవులు. చేపలు ఉన్నప్పుడు వాటిని తలెత్తనిచ్చేవి కావు. ఐదో వారానికి రాత్రి లైటు తీసి టార్చి వేస్తే, రాళ్ల నిండా చీమల పుట్ట కదిలినట్టు ఉండేది. బియ్యపు గింజంత ఆంఫిపాడ్లు, రాతి కన్నంలోంచి సగం బయటికి వచ్చి నెరుసు పట్టుకుపోయే జెర్రి లాంటి పురుగులు. అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని చూసేవారు. టీవీ సీరియల్ మానేసి మరీ.

ఆ ఖాళీ రోజుల్లోనే ఐప్టేసియాను కూడా పట్టుకున్నాను. గోధుమ రంగు చిన్న సముద్రపు పువ్వు, ఒకటి వదిలితే పది అవుతుంది, తుంచితే తునక తునకా మొలుస్తుంది. దానికి కిళ్లీకి రాసే సున్నమే మందు. చిక్కగా కలిపి సిరంజితో నోట్లో పోస్తే ముడుచుకుని కరిగిపోతుంది. ఒకేసారి రెండు మూడింటికి మించి చేయకూడదు, నీటి గుణం మారిపోతుంది.

జనవరి 15 నాటికి 76 రోజులు నిండాయి. పొద్దున్నే లేచి రెండు తొట్ల ఉప్పు శాతమూ వేడీ సరిచూసి, వల కడిగి సిద్ధంగా పెట్టాను. వంటింట్లో మినప్పప్పు రుబ్బుతున్న అత్తగారు బయటికి వచ్చి చూశారు.

"ఏం చేస్తున్నావు?"

"చేపలను మార్చేస్తాను అత్తయ్యా, గడువు అయిపోయింది."

"ఇవాళ కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు. చేపలను కదుపుతావా?"

76 రోజుల సంగతి, తిత్తుల సంగతి అన్నీ చెప్పాను. ఆవిడ చేతికి అంటిన పిండి తుడుచుకోలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. వల తీసుకెళ్లి గోడకు తగిలించి గారెలు వేయడానికి వెళ్లాను.

ముక్కనుమ నాడు మార్చాను. ఫైర్ ఫిష్ వదిలిన క్షణంలో రాళ్ల వెనక మాయమైంది. క్లౌన్‌లు రెండూ ఎడమ మూలన పంపు కిందికి, వాటి పాత చోటుకు, సరాసరి వెళ్లాయి. పెద్దది నోరు తెరిచి గాజు మీది కోపిపాడ్లను ఏరుకోవడం మొదలుపెట్టింది. అత్తగారు స్టాండు కాలికి ఎండిపోయి వేలాడుతున్న వేపమండను విప్పారు. ఆకులన్నీ పొడిపొడిగా నేల మీద రాలాయి.

"దీన్ని పారేయనా?" అన్నారు.

ఫిబ్రవరిలో ఒక చేప తేవాలనుకుంటున్నానని ఆవిడకు ఇంకా చెప్పలేదు. పచ్చి మండ ఒకటి తెచ్చి లోపలి గదిలో చిన్న తొట్టి దగ్గర కట్టమన్నాను.